యూనిట్ – 11: ఇంటి తోటకు పెద్ద చెట్టు – వేప, నిద్రగన్నేరుల తులనాత్మక పరిశీలన

విషయక్రమం

11.0 లక్ష్యాలు
11.1 ప్రస్తావన
11.2 సికింద్రాబాద్ నేల, వాతావరణం
11.3 రెండు చెట్ల పరిచయం
11.4 గొడుగు వైశాల్యం: లెక్క వేయడం ఎలా?
11.5 వేరు, కొమ్మ, గాలి
11.6 నీరు, ఆకురాలు కాలం, తెగుళ్ళు
11.7 కొన్ని నమ్మకాలు, వాస్తవాలు
11.8 ఎంపిక: మూడు ఉదాహరణలు
11.9 నాటడం, సంరక్షణ, చట్టం
11.10 సారాంశం
11.11 కీలక పదాలు
11.12 మీ ప్రగతిని సమీక్షించుకోండి: సమాధానాలు
11.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు

- వేప, నిద్రగన్నేరు చెట్ల ముఖ్య లక్షణాలను పోల్చి చెప్పగలుగుతారు;
- పూర్తిగా ఎదిగిన చెట్టు ఎంత స్థలాన్ని ఆక్రమిస్తుందో గజాల్లో లెక్క వేయగలుగుతారు;
- వేరు వ్యవస్థకూ, గాలివానలో చెట్టు నిలబడే శక్తికీ గల సంబంధాన్ని వివరించగలుగుతారు;
- ఒక నిర్ణీత స్థలానికి ఈ రెండింటిలో ఏది తగినదో, ఏదీ తగనప్పుడు ఎందుకు తగదో కారణాలతో నిర్ణయించగలుగుతారు.

11.1 ప్రస్తావన

కిందటి యూనిట్లలో పూల మొక్కలు, పొదలు, తీగలు, పచ్చిక గురించి తెలుసుకున్నారు. వాటి ఎంపికలో పొరపాటు జరిగినా ఒకటి రెండు ఋతువుల్లో దిద్దుకోవచ్చు. పెద్ద చెట్టు సంగతి అలాంటిది కాదు. అది ఇంటిని కట్టినవారి కంటే ఎక్కువ కాలం బతకవచ్చు. నాటిన పాతికేళ్ళకు అది ప్రహరీని నెట్టుతున్నా, డాబా మీద బరువైన కొమ్మ చాచినా, అప్పుడు మన ముందు మిగిలే దారులు రెండే: ప్రమాదంతో కలిసి బతకడం, లేదా ఎదిగిన చెట్టును కొట్టివేయడం. రెండూ నష్టమే. కాబట్టి పెద్ద చెట్టు విషయంలో ఆలోచించవలసిన సమయం గొయ్యి తవ్వక ముందే.

నర్సరీలో వేప మొక్క, నిద్రగన్నేరు మొక్క దాదాపు ఒకే ఎత్తులో, ఒకే రకం నల్ల పాలిథిన్ సంచుల్లో పక్కపక్కనే కనిపిస్తాయి. కొనేవారు మొక్కను చూసి కొంటారు. కానీ మనం ఇంటికి తెచ్చుకొనేది ఆ మొక్కను మాత్రమే కాదు, పాతికేళ్ళ తరవాతి దాని గొడుగునూ, వేర్లనూ కూడా. ఈ యూనిట్ అంతటికీ మూలసూత్రం ఇదే: చెట్టును దాని నేటి పరిమాణాన్ని బట్టి కాక, అది చివరకు కోరే స్థలాన్ని బట్టి ఎంచుకోవాలి.

ఈ రెండు చెట్లనే తీసుకోవడానికి కారణం ఉంది. సికింద్రాబాద్‌లో నీడ కోసం పెంచిన పెద్ద చెట్లలో ఇవి అందరికీ కనిపించేవి. కంటోన్మెంటు రోడ్ల మీద, పాత బంగళాల ఆవరణల్లో నిద్రగన్నేరు విశాలంగా పరచుకొని ఉంటుంది. వేప గుడి ముందు, బడి ముందు, ఇంటి గేటు పక్కన ఉంటుంది. రెండూ మంచి చెట్లే. అయితే రెండూ ఒకే చోటికి మంచివి కావు.

11.2 సికింద్రాబాద్ నేల, వాతావరణం

సికింద్రాబాద్ 1806లో మూడవ నిజాం సికిందర్ జా పేరు మీద సైనిక కంటోన్మెంటుగా ఏర్పడింది. కంటోన్మెంటులో బంగళాల చుట్టూ విశాలమైన ఆవరణలు ఉండేవి. అలాంటి విశాలతకు నేటికీ మిగిలిన ఉదాహరణ బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం. దాని ఆవరణ సుమారు 90 ఎకరాలు. ఎకరానికి 4,840 చదరపు గజాల చొప్పున చూస్తే అది 4 లక్షల 35 వేల గజాలు దాటుతుంది. నేడు చాలా కుటుంబాల ఇళ్ళు 150 నుంచి 300 గజాల ప్లాట్లలో ఉన్నాయి. బంగళాల కాలంలో కుదిరిన చెట్టు ఈ ప్లాట్లలోనూ కుదురుతుందని అనుకోవడమే చాలా ఇబ్బందులకు మూలం.

చెట్టు ఎంపికకు సంబంధించి ఇక్కడి పరిస్థితుల్లో నాలుగు అంశాలు గమనించాలి.

1. వర్షపాతం: సంవత్సరానికి సుమారు 800 మిల్లీమీటర్లు. ఇందులో అధిక భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే కురుస్తుంది. మిగిలిన నెలల్లో నేల ఎండిపోయి ఉంటుంది.
2. ఉష్ణోగ్రత: ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులు ఉంటాయి.
3. గాలి: వేసవిలో సాయంత్రం పూట ఉరుములతో కూడిన గాలివానలు హఠాత్తుగా వస్తాయి. కొమ్మలు విరిగేది ఎక్కువగా ఈ గాలులకే.
4. నేల: పైన ఎర్ర నేల, దాని కింద మొరం, దాని కింద గ్రానైట్ రాయి. కొన్ని చోట్ల రెండు మూడు అడుగులకే రాతి పలక తగులుతుంది. బోర్లు వేసేవారు, పునాదులు తవ్వేవారు దీన్నే షీట్‌రాక్ అంటారు.

నాలుగో అంశాన్ని మరచిపోవద్దు. ఒక చెట్టు వేరు లోతుగా పోతుందని పుస్తకంలో చదివినప్పుడు, అది లోతైన నేల గురించి చెప్పిన మాట అని గ్రహించాలి. రాయి అడ్డం వస్తే లోతు వేరు కూడా పక్కకు తిరుగుతుంది.

11.3 రెండు చెట్ల పరిచయం

*11.3.1 వేప*

శాస్త్రీయ నామం అజాడిరక్టా ఇండికా. మీలియేసి కుటుంబానికి చెందింది. మహాగని కూడా ఈ కుటుంబంలోనిదే. భారత ఉపఖండం, బర్మా ప్రాంతాలు దీని పుట్టిల్లు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం వేప. తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి. వేప ఆకు పిచ్ఛాకార సంయుక్త పత్రం. పత్రకాల అంచులు రంపపు పళ్ళలా ఉంటాయి. ఉగాది వేళకు కొత్త చిగురు, చిన్న తెల్లని సువాసన గల పూత వస్తాయి. ఉగాది పచ్చడిలో వేసుకొనేది ఈ పూతే. జూన్, జూలై నెలల్లో కాయలు పండి పసుపు రంగుకు తిరుగుతాయి. పక్షులు, గబ్బిలాలు గుజ్జు తిని గింజలను దూరంగా చేరవేస్తాయి.

*11.3.2 నిద్రగన్నేరు*

శాస్త్రీయ నామం సమానియా సమాన్. ఆల్బిజియా సమాన్ అనే పేరు కూడా గ్రంథాల్లో కనిపిస్తుంది. ఇంగ్లిషులో రెయిన్ ట్రీ అంటారు. చిక్కుడు, కంది మొక్కల మాదిరిగానే ఇదీ ఫాబేసి కుటుంబానికి చెందింది. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగాలు దీని స్వస్థలం. 19వ శతాబ్దంలో నీడ చెట్టుగా ఆసియా దేశాలకు వచ్చింది. 1876లో సింగపూర్ చేరింది; నేటికీ అక్కడి రోడ్ల పక్కన ప్రధానమైన నీడ చెట్లలో ఇది ఒకటి.

పేరులో గన్నేరు ఉన్నా, మనం పూజకు పూలు కోసే గన్నేరుకూ దీనికీ సంబంధం లేదు. పేరులోని నిద్ర మాత్రం సార్థకం. దీని ఆకు ద్విపిచ్ఛాకార సంయుక్త పత్రం. చీకటి పడే వేళ, మబ్బు పట్టినప్పుడు పత్రకాలు ముడుచుకుంటాయి. పత్రకం మొదట్లో ఉన్న ఉబ్బిన భాగంలోని కణాల్లో నీటి ఒత్తిడి మారడం వల్ల ఈ చలనం జరుగుతుంది. పూలు గులాబి, తెలుపు రంగుల కేసరాలతో పౌడరు కుంచెలా ఉంటాయి. కాయలు నల్లగా, తీపి గుజ్జుతో ఉంటాయి. పశువులు వాటిని ఇష్టంగా తింటాయి. చాలా చిక్కుడు జాతి మొక్కల్లాగే దీని వేరు బుడిపెల్లోని బాక్టీరియాలు గాలిలోని నత్రజనిని స్థాపిస్తాయి. ఈ చెట్టు కింద పచ్చిక బాగా పెరగడానికి ఇదొక కారణం. రాత్రి ఆకులు ముడుచుకోవడం వల్ల వాన, మంచు నేరుగా నేలను చేరడం రెండో కారణం.

పట్టిక 11.1: వేప, నిద్రగన్నేరు – ముఖ్య భేదాలు

| అంశం | వేప | నిద్రగన్నేరు |
|---|---|---|
| సాధారణ ఎత్తు | 40–60 అడుగులు | 50–80 అడుగులు |
| గొడుగు వ్యాసం | 35–50 అడుగులు | 80–100 అడుగులు |
| గొడుగు ఆకారం | గుండ్రం | బల్లపరుపు, వెడల్పు |
| ఎదుగుదల | మధ్యస్థం | వేగం, ఏటా 2.5–5 అడుగులు |
| వేర్లు | లోతైన తల్లివేరు, పక్క వేర్లు | పైపైన దూరంగా పరచుకొనే లావు వేర్లు |
| కలప | గట్టిది | తేలిక. కొమ్మలు సులభంగా విరుగుతాయి |
| నీటి ఎద్దడి | బాగా తట్టుకుంటుంది | కొంతవరకు తట్టుకుంటుంది |
| నీరు నిలిచే నేల | పనికిరాదు | కొంత ఓర్చుకుంటుంది |

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1

గమనిక: మీ సమాధానాన్ని విడిగా రాసుకొని, యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.

నిద్రగన్నేరు చెట్టు కింద పచ్చిక బాగా పెరగడానికి రెండు కారణాలు రాయండి.

11.4 గొడుగు వైశాల్యం: లెక్క వేయడం ఎలా?

చెట్టు కొమ్మలు నేల మీద కప్పే వృత్తాన్ని గొడుగు అందాం. వృత్త వైశాల్యం కనుక్కొనే సూత్రం మీకు పాఠశాల నుంచి తెలిసిందే: 3.14 × వ్యాసార్ధం × వ్యాసార్ధం. చదరపు అడుగుల్లో వచ్చిన ఫలితాన్ని 9తో భాగిస్తే చదరపు గజాలు వస్తాయి.

వేప: గొడుగు వ్యాసం 40 అడుగులు అనుకుందాం. వ్యాసార్ధం 20 అడుగులు. 3.14 × 20 × 20 = 1,256 చదరపు అడుగులు; అంటే సుమారు 140 గజాలు.

నిద్రగన్నేరు: గొడుగు వ్యాసం తక్కువలో తక్కువ 80 అడుగులు అనుకుందాం. వ్యాసార్ధం 40 అడుగులు. 3.14 × 40 × 40 = 5,024 చదరపు అడుగులు; అంటే సుమారు 558 గజాలు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. వ్యాసం రెండింతలు అయితే వైశాల్యం నాలుగింతలు అవుతుంది. రోడ్డు మీద నడుస్తూ చూసినప్పుడు నిద్రగన్నేరు వేప కంటే కాస్త పెద్దదిగా అనిపిస్తుంది. లెక్క వేస్తే అది నాలుగు వేప చెట్ల స్థలం. ఒక నిద్రగన్నేరు కింద 200 గజాల ప్లాట్లు రెండు పూర్తిగా, మూడో దానిలో చాలా భాగం దాగిపోతాయి. అందుకే 200 గజాల ఇంట్లో నిద్రగన్నేరు నాటేవారు తమకు తెలియకుండానే ఇరుగుపొరుగు ఇళ్ళకు కూడా చెట్టు నాటుతున్నారు. ఆకులు పక్కవారి డాబా మీద పడతాయి. కాయలు పక్కవారి కారుకు అంటుకుంటాయి. కొమ్మ విరిగితే పక్కవారి ఇంటి మీద పడుతుంది.

అయితే ఇదే లెక్క నిద్రగన్నేరు గొప్పతనాన్నీ చెబుతుంది. స్థలం ఉన్నచోట ఒక్క కాండం మీద 558 గజాల నీడను ఇవ్వగల చెట్లు తక్కువ. మే నెల ఎండలో ఒక బడి మైదానానికో, బస్సు కోసం వేచి ఉండేవారికో అది ఎంత మేలో చెప్పనవసరం లేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2

ఒక చెట్టు గొడుగు వ్యాసం 60 అడుగులు. అది ఎన్ని చదరపు గజాలను కప్పుతుంది?

11.5 వేరు, కొమ్మ, గాలి

గాలివానలో చెట్టు రెండు విధాలుగా దెబ్బతింటుంది: కొమ్మ విరగవచ్చు, లేదా చెట్టు వేళ్ళతో సహా పెకలిపోవచ్చు. ఈ రెండింటినీ విడివిడిగా అర్థం చేసుకోవాలి.

*11.5.1 కొమ్మ విరగడం*

నిద్రగన్నేరు కొమ్మలు నేలకు దాదాపు సమాంతరంగా చాలా దూరం సాగుతాయి. బావి గిలక మీద చేద లాగినప్పుడు కాక, చాచిన చేతితో నీళ్ళ బిందె పట్టుకున్నప్పుడు భుజం మీద ఎంత బరువు పడుతుందో ఊహించండి. బిందె బరువు మారకపోయినా, చెయ్యి ఎంత ముందుకు చాస్తే భుజానికి అంత శ్రమ. అదే విధంగా కొమ్మ పొడవు పెరిగిన కొద్దీ, అది కాండంతో కలిసే చోట ఒత్తిడి పెరుగుతుంది. వానకు ఆకులు తడిస్తే బరువు ఇంకా పెరుగుతుంది. కలప తేలిక కాబట్టి ఆ చోటే చీలుతుంది. వేప కొమ్మలు పొట్టిగా, పైకి ఏటవాలుగా ఉంటాయి, కలప గట్టిది. కాబట్టి వేప కొమ్మలు విరగడం తక్కువ. పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్ దేశంలో, మజ్జియా లోయలో 1970ల నుంచి పొలాల మీదికి వీచే గాలిని అడ్డుకోవడానికి వేప వరసలను నాటడం ఈ చెట్టు గాలికీ, ఎండకూ ఓర్చుకోగలదని చూపుతుంది.

*11.5.2 చెట్టు పెకలిపోవడం*

లోతైన నేలలో వేప తల్లివేరు మేకులా దిగుతుంది. నిద్రగన్నేరు మాత్రం వెడల్పుగా పరచుకొన్న వేర్ల మీద ఆధారపడి నిలుస్తుంది. అది చుట్టూ నేల దొరికినంత కాలం బాగానే నిలుస్తుంది. ఒక పక్క రోడ్డు వెడల్పు చేసినప్పుడో, కేబుల్ కోసం కందకం తవ్వినప్పుడో, అపార్ట్‌మెంటు సెల్లారు తీసినప్పుడో వేర్లు తెగితే, ఆ పక్క పట్టు పోతుంది. పైన గొడుగు చెక్కుచెదరకుండా పచ్చగానే కనిపిస్తుంది. తరవాత వచ్చే పెద్ద గాలికి చెట్టు పడిపోతుంది. చూసినవారు చెట్టు ముసలిదై పడిపోయిందని అనుకుంటారు. అసలు కారణం అంతకు ముందు తెగిన వేర్లు.

వేపకు కూడా ఈ ప్రమాదం లేకపోలేదు. కింద షీట్‌రాక్ ఉంటే దాని తల్లివేరు కూడా పక్కకు మళ్ళుతుంది. నర్సరీ సంచిలో ఎక్కువ కాలం ఉన్న మొక్కకు వేరు సంచి అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. ఆ చుట్ట నేలలో నాటిన తరవాత కూడా విడిపోదు. కాబట్టి మొక్క కొనేటప్పుడు ఎత్తు మాత్రమే చూడకండి. సంచి అడుగు నుంచి లావు వేరు బయటికి వచ్చి ఉంటే ఆ మొక్కను తీసుకోవద్దు.

*11.5.3 వేర్లు, ఇంటి కట్టడాలు*

వేర్లు గోడలను వెతుక్కుంటూ రావు. తేమను వెతుక్కుంటూ వస్తాయి. కారుతున్న సంపు, సెప్టిక్ ట్యాంకు, మురుగు పైపుల కీళ్ళు వాటిని ఆకర్షిస్తాయి. నిద్రగన్నేరు లావు వేర్లు పైపైనే ఉండడం వల్ల కాలిబాట బండలను, ప్రహరీ గోడను ఎత్తివేస్తాయి. సాధారణ నియమంగా వేపను ఇంటి గోడకు 15 నుంచి 20 అడుగుల దూరంలో, నిద్రగన్నేరును 40 నుంచి 50 అడుగుల దూరంలో నాటాలి.

11.6 నీరు, ఆకురాలు కాలం, తెగుళ్ళు

సింగపూర్‌లో ఏడాదికి సుమారు 2,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన దగ్గర దానిలో మూడో వంతు. అక్కడ దట్టంగా కనిపించే నిద్రగన్నేరు ఇక్కడ కూడా బతుకుతుంది, పెద్దదవుతుంది. అయితే వేసవిలో ఆకు పలచబడుతుంది. వేపకు ఈ ప్రాంతపు వర్షపాతం సరిగ్గా సరిపోతుంది. మొదటి రెండు వేసవులు నీరు పోస్తే చాలు, తరవాత అది తన దారి తాను చూసుకుంటుంది. కానీ పల్లంలో, నీరు నిలిచే చోట వేపను నాటకూడదు. వేర్లకు గాలి అందక చనిపోతుంది.

రెండు చెట్లూ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి, కొద్ది వారాల్లో తిరిగి చిగురిస్తాయి. నిద్రగన్నేరు ఆకులు, పూలు, జిగట కాయలు కలిపి ఊడ్చే పని ఎక్కువ. వేప ఆకును కంపోస్టులోనూ, ధాన్యం నిల్వలోనూ వాడుకోవచ్చు.

ఇంతవరకు చదివితే వేపకు ఏ బాధా లేదని అనిపించవచ్చు. అది సరికాదు. 2021లో తెలంగాణ అంతటా వేప చెట్ల కొమ్మల చివర్లు మాడిపోయి, చెట్లు నిప్పు తగిలినట్లు గోధుమ రంగుకు మారడం జనం గమనించారు. దీన్ని కొమ్మ ఎండు తెగులు అంటారు. ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం దీనికి కారకం. చిగుళ్ళ నుంచి రసం పీల్చే తేయాకు దోమ కూడా తోడైతే నష్టం పెరుగుతుంది. తెగులు సాధారణంగా వానాకాలంలో కనిపించి, చలికాలానికి తీవ్రమవుతుంది. తెగులు సోకిన చెట్లలో చాలా భాగం తరవాతి వేసవిలో మళ్ళీ చిగురిస్తాయి. కాబట్టి మాడిన చెట్టును చచ్చిందనుకొని కొట్టివేయకూడదు. ఎండిన కొమ్మలను పచ్చి భాగం వరకు కత్తిరించి, వాటిని అక్కడే పారేయకుండా తొలగించాలి. మందు చల్లవలసి వస్తే వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల లేదా ఉద్యాన శాఖ అధికారుల సలహా తీసుకోవాలి.

ఈ అనుభవం నుంచి తోట ప్రణాళికకు ఒక పాఠం ఉంది. ఒక వీధిలో, ఒక కాలనీలో అన్నీ ఒకే జాతి చెట్లు నాటితే, ఒక తెగులు వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి దెబ్బతింటాయి.

11.7 కొన్ని నమ్మకాలు, వాస్తవాలు

*"వేప రాత్రి కూడా ప్రాణవాయువు ఇస్తుంది."* ఇది నిజం కాదు. కిరణజన్య సంయోగక్రియకు వెలుతురు కావాలి. రాత్రి అన్ని చెట్ల మాదిరిగానే వేప కూడా శ్వాసక్రియ మాత్రమే జరుపుతుంది. వేప కింద మంచం వేసుకుంటే హాయిగా ఉండడానికి కారణం పగలంతా ఆ నేల నీడలో ఉండి వేడెక్కకపోవడమే.

*"నిద్రగన్నేరు వాన కురిపిస్తుంది."* చెట్టు కింద నిలబడినప్పుడు ఒక్కోసారి సన్నని తుంపర పడుతుంది. అది కొమ్మల మీద రసం పీల్చే పురుగులు విడిచే ద్రవం.

*"పెద్ద చెట్టు ఉంటే బోరు ఎండిపోతుంది."* చెట్టు నీరు తీసుకుంటుందన్నది నిజం. కానీ చెట్టు చుట్టూ సిమెంటు వేయకుండా విడిచిన నేల వాన నీటిని లోపలికి ఇంకిస్తుంది. ఆవరణ అంతా బండలు పరచి, బోరు ఎండినందుకు చెట్టును నిందించడం తగదు.

11.8 ఎంపిక: మూడు ఉదాహరణలు

*ఉదాహరణ 1:* 30 × 60 అడుగుల ప్లాటు, 200 గజాలు. ఇంటి ముందు ఖాళీ 30 × 15 అడుగులు. నిద్రగన్నేరు ప్రశ్నే లేదు. వేప గొడుగు కూడా 40 అడుగులు. ప్లాటు వెడల్పు 30 అడుగులే. ఇంటి గోడకు 15 అడుగుల దూరం పాటించాలంటే గేటు పక్క మూలలోనే నాటాలి. అక్కడ పైన కరెంటు తీగలు ఉంటే అదీ కుదరదు. అలాంటప్పుడు పెద్ద చెట్టు ఆశ వదులుకొని పారిజాతం, కరివేపాకు, జామ వంటి చిన్న చెట్లను ఎంచుకోవడమే సరైన నిర్ణయం. పెద్ద చెట్టు వద్దని తేల్చుకోవడం కూడా ఎంపికే.

*ఉదాహరణ 2:* 60 × 90 అడుగుల పాత ఇల్లు, 600 గజాలు. వెనక 60 × 40 అడుగుల పెరడు. వేప ఇక్కడ చక్కగా కుదురుతుంది. పెరడు పడమర వైపు ఉంటే మధ్యాహ్నపు ఎండ గోడల మీద పడకుండా నీడ ఇస్తుంది. మొత్తం స్థలం నిద్రగన్నేరు గొడుగు కంటే కొద్దిగా పెద్దదే అయినా, ఇల్లు దాని కిందికే వస్తుంది కాబట్టి అది తగదు.

*ఉదాహరణ 3:* 120 × 150 అడుగుల కాలనీ పార్కు, 2,000 గజాలు. నడిమధ్యలో ఒక నిద్రగన్నేరు నాటితే, 80 అడుగుల గొడుగు చుట్టూ అన్ని వైపులా కనీసం 20 అడుగుల ఖాళీ మిగులుతుంది. కింద పచ్చిక పెంచవచ్చు. అంచుల వెంబడి మధ్యస్థాయి చెట్లు వేసుకోవచ్చు. ఈ స్థలానికి ఒక్క వేప సరిపోదు.

ఈ మూడింటి నుంచి తేలేది ఇది: ఇంటి ఆవరణకు వేప, అదీ చోటు ఉంటేనే, నలుగురూ పంచుకొనే బహిరంగ స్థలానికి నిద్రగన్నేరు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 3

ఉదాహరణ 2లోని స్థలం 600 గజాలు. నిద్రగన్నేరు గొడుగు 558 గజాలు. అయినా అది ఎందుకు తగదు?

11.9 నాటడం, సంరక్షణ, చట్టం

*11.9.1 నాటడం:* తొలకరి తరవాత, జూన్ చివరి నుంచి ఆగస్టు వరకు అనువైన కాలం. గొయ్యి కనీసం 2 అడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. మొరం తగిలితే 3 అడుగులు తవ్వాలి. పైమట్టిని, పశువుల ఎరువును కలిపి నింపాలి. వేప గింజలకు మొలకెత్తే శక్తి రెండు మూడు వారాలకు మించి ఉండదు; రాలిన వెంటనే గుజ్జు కడిగి నాటుకోవాలి. నిద్రగన్నేరు గింజ పెంకు గట్టిది. వేడి నీటిలో కొద్ది నిమిషాలు ఉంచి, రాత్రంతా చల్లని నీటిలో నానబెట్టి నాటాలి.

*11.9.2 సంరక్షణ:* మొదటి ఐదేళ్ళలో ఒకే ప్రధాన కాండం ఉండేలా కత్తిరింపు చేయాలి. ఒకే చోటు నుంచి రెండు సమాన కాండాలు చీలితే పెద్దయ్యాక ఆ చీలిక దగ్గరే విరుగుతుంది. కాండం చుట్టూ సిమెంటు వేయకూడదు. మీ ఆవరణలో ఇప్పటికే పాత నిద్రగన్నేరు ఉంటే, దాన్ని నాటి ఉండకూడదని వాదించి ప్రయోజనం లేదు, దాన్ని కాపాడుకోవాలి. ఏటా వేసవి గాలులకు ముందు ఎండిన కొమ్మలను, ఇంటి మీదికి మరీ దూరం సాగిన కొమ్మలను అనుభవజ్ఞులతో తేలిక చేయించాలి. తల నరికినట్లు మొత్తం కొట్టించకూడదు. అలా కొట్టిన చోట గుంపుగా లేచే కొత్త కొమ్మలకు కాండంతో గట్టి అతుకు ఉండదు. కొన్నేళ్ళకు అవే ఎక్కువ ప్రమాదకరం అవుతాయి. ఒక పక్కనే కొట్టించినా బరువు రెండో వైపుకు మొగ్గుతుంది.

*11.9.3 చట్టం:* ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, వృక్షాల చట్టం తెలంగాణలోనూ అమలులో ఉంది. దీన్ని వాల్టా అని పిలుస్తారు. సొంత స్థలంలోని చెట్టునైనా కొట్టివేయడానికి ముందు సంబంధిత అధికారి అనుమతి పొందాలి. నాటడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు; తీసివేయడానికి అవసరం. ముందుగా ఆలోచించాలని చెప్పడానికి ఇది మరో కారణం.

11.10 సారాంశం

వేప, నిద్రగన్నేరు రెండూ సికింద్రాబాద్ వాతావరణంలో పెరిగే మంచి నీడ చెట్లు. వేప గొడుగు సుమారు 140 గజాలు, నిద్రగన్నేరు గొడుగు 558 గజాలు లేదా ఇంకా ఎక్కువ. వేపకు లోతు వేరు, గట్టి కలప ఉన్నాయి. నీటి ఎద్దడిని తట్టుకుంటుంది. కానీ కొమ్మ ఎండు తెగులు, నీరు నిలవడం దానికి ఇబ్బందులు. నిద్రగన్నేరు త్వరగా పెరిగి విశాలమైన నీడ ఇస్తుంది, నేలకు నత్రజని చేరుస్తుంది. కానీ పై వేర్లు, పొడవైన కొమ్మల వల్ల ఇళ్ళ దగ్గర ప్రమాదం. ఏ చెట్టు గొప్పదన్నది కాక, ఎంత చోటుందన్నదే అడగవలసిన మొదటి ప్రశ్న.

11.11 కీలక పదాలు

గొడుగు: చెట్టు కొమ్మలు, ఆకులు కలిసి నేల మీద కప్పే భాగం.
తల్లివేరు: గింజ నుంచి మొదట వచ్చి నిటారుగా కిందికి దిగే ప్రధాన వేరు.
నత్రజని స్థాపన: గాలిలోని నత్రజనిని మొక్కలకు పనికివచ్చే రూపంలోకి మార్చే ప్రక్రియ.
కొమ్మ ఎండు తెగులు: కొమ్మలు చివరి నుంచి వెనక్కు ఎండిపోయే శిలీంధ్ర వ్యాధి.
షీట్‌రాక్: నేల కింద పలకలా పరచుకొన్న గ్రానైట్ రాయి.

11.12 మీ ప్రగతిని సమీక్షించుకోండి: సమాధానాలు

1. వేరు బుడిపెల్లో నత్రజని స్థాపన జరగడం. రాత్రి, మబ్బు వేళల్లో ఆకులు ముడుచుకోవడం వల్ల వాన, మంచు నేలను చేరడం.
2. వ్యాసార్ధం 30 అడుగులు. 3.14 × 30 × 30 = 2,826 చదరపు అడుగులు; 9తో భాగిస్తే 314 గజాలు.
3. 600 గజాల్లో ఇల్లు కూడా ఉంది. గొడుగు ఇంటి మీదికి, పొరుగువారి స్థలం మీదికి వస్తుంది. స్థలం వెడల్పు 60 అడుగులే. గొడుగు 80 అడుగులు. గోడకు 40 అడుగుల దూరం పాటించడం సాధ్యం కాదు.

11.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. ఇంటి తోటకు పెద్ద చెట్టును ఎంచుకొనేటప్పుడు పరిగణించవలసిన అంశాలను వేప, నిద్రగన్నేరుల ఆధారంగా వివరించండి.
2. గాలివానలో చెట్లు దెబ్బతినే విధానాలను, వాటి నివారణను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. వేపకు సోకే కొమ్మ ఎండు తెగులు లక్షణాలు రాయండి.
2. చెట్టు తల నరికినట్లు కొట్టించడం ఎందుకు మంచిది కాదు?
3. మీ ఇంటి ఆవరణను లేదా మీ కాలనీ పార్కును టేపుతో కొలిచి, గోడలు, సంపు, కరెంటు తీగలు గుర్తిస్తూ ఒక పటం గీయండి. దాని మీద 20 అడుగుల, 40 అడుగుల వ్యాసార్ధాలతో వృత్తాలు గీసి, అక్కడ ఏ చెట్టు కుదురుతుందో, లేదా ఏదీ కుదరదో కారణాలతో రాయండి.